సంతకానికి ఇద్దరు

కుల్డరీ,
మే 2

హాలు కమిటీ అధ్యక్షురాలు శ్రీమతి డల్సీ క్రౌజ్ గారికి,
కోశాధికారి వెర్నా పోల్ తెలియజేయడమేమంటే:

ముందే ఒక సంగతి చెప్పేస్తున్నాను. ఇది కమిటీ ఉత్తరం. దీన్ని నేను మీతో మాట్లాడినట్టుగా లెక్కపెట్టుకోకండి. తొమ్మిదేళ్ళుగా మాట్లాడనిదాన్ని, ఇవాళ కొత్తగా మాట్లాడాల్సిన అవసరం నాకేమీ రాలేదు.

బ్యాంకు తలుపు మీద ఈ పొద్దున అంటించిన కాగితం మీరూ చూసే ఉంటారు. జూన్ ఆరో తారీకుతో మన బ్రాంచి మూసేస్తారట. నేను లోపలికి వెళ్ళేసరికి గ్లెనిస్ కౌంటరు వెనక కూర్చుని ఏడుస్తోంది. ఇరవయ్యారేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి. ఎందుకు మూస్తున్నారని పైవాళ్ళని అడిగితే, జనం అంతా ఆన్‌లైన్‌కి మారిపోయారు అన్నారట. ఆ జనం ఎవరో నాకు తెలీదు. మన ఊళ్ళో ఉన్నది నూట నలభై మంది, అందులో నేనెరగనివాళ్ళు లేరు.

ఇక అసలు విషయం. మన ఊరి హాలు బీమా జూన్ ముప్ఫై లోగా కట్టాలి. ఒక్క రోజు దాటినా కౌన్సిల్ వాళ్ళొచ్చి తాళం వేస్తారు, మళ్ళీ తియ్యరు. మా తాత రాళ్ళు మోసి కట్టిన హాలుకి ఈ ఆగస్టులో నూరేళ్ళు. నూరేళ్ళ పండగ డాన్సు రోజున తలుపుకి తాళం వేలాడితే నేను బతికుండి చూడలేను.

మన ఖాతాకి ఇద్దరి సంతకాలు ఉండాలి. గురువారం పదకొండింటికి మీరొస్తారు, సంతకం పెడతారు. గ్లెనిస్ కలాన్ని నా వైపు జరుపుతుంది, నేను పెడతాను. ఆ సమయంలో మీరు కిటికీలోంచి వీధి చూస్తారు, నేను వడ్డీ రేట్ల బోర్డు చదువుతాను. తొమ్మిదేళ్ళలో ఒక్క మాట అవసరం పడలేదు. ఇంతకన్నా చక్కని పద్ధతి వీళ్ళ ఆన్‌లైన్ కనిపెడుతుందా?

బ్రాంచి పోయాక ఈ రెండు సంతకాలు ఎక్కడ, ఎలా పెట్టాలో అధ్యక్షురాలిగా ఆలోచించి రాయగలరు. ఫోన్ మాత్రం చెయ్యొద్దు.

ఇట్లు,
వెర్నా పోల్, కోశాధికారి

(నాన్న ట్రాక్టరు సంగతి నేను మర్చిపోలేదని కూడా తెలియజేయడమైనది.)


కుల్డరీ,
మే 9

వదిన గారికి,

మీ ఉత్తరం నిన్న సాయంత్రం చేతికొచ్చింది. మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య రెండు వీధులు. అంట్లు తోముతూ తలెత్తితే మీ పొగగొట్టం కనిపిస్తుంది. ఉత్తరం మాత్రం ఎడిలైడ్ దాకా వెళ్ళి, అక్కడ ముద్ర కొట్టించుకుని, ఆరు రోజులకి తిరిగొచ్చింది. పాపం ఎంత అలిసిపోయిందోనని టీ కప్పు పక్కన పెట్టుకుని మరీ చదివాను.

ఆన్‌లైన్ అంటే నాకూ భయమే. అందుకని ఒక మాట. నది పక్క ఊళ్ళో బ్యాంకు ఇంకా ఉంది కదా. నూట పది కిలోమీటర్లు. నా కారులో ఇద్దరం వెళ్ళొద్దాం. మీరు మాట్లాడనక్కర్లేదు, పాటలు పెట్టుకుందాం. దారిలో తినడానికి కోడిగుడ్డు శాండ్విచ్‌లు చేస్తాను. మీకు కారం తక్కువ వెయ్యాలని గుర్తుంది.

ట్రాక్టరు విషయం. మా ఆయన క్లెమ్ పోయిన రెండు నెలలకి, మామగారి ట్రాక్టరుని వేలంలో మెర్విన్‌కి అమ్మేశాను. మీకు ఒక్క మాట చెప్పలేదు. మీరు హాల్లో టీలు పోస్తూ, వేలంపాటగాడి నోటి నుంచి విన్నారు. తప్పు నాదే. కానీ దానికొక కారణం ఉంది, అది చెప్పకూడదు. ఎవరికో మాటిచ్చాను. అంతకుమించి అడగకండి.

మీ తుంటి నొప్పి ఎలా ఉంది? నిన్న బ్యాంకుకి రాలేకపోయాను, ఎందుకో గ్లెనిస్ చెప్పే ఉంటుంది. మా పెరట్లో క్విన్సు పళ్ళు విరగకాశాయి. జామ్ చేశాను, రెండు సీసాలు మీ పేరున పక్కన పెట్టాను. తీసుకోరని తెలుసు. అయినా పెట్టాను.

మీ మరదలు,
డల్సీ


కుల్డరీ,
మే 9

శ్రీమతి క్రౌజ్ గారికి,

నా ఉత్తరానికి జవాబు లేదు. సరే, అధ్యక్షులవారికి తీరిక లేదనుకున్నాను. నిన్న గురువారం పదకొండింటికి బ్యాంకుకి వెళ్ళాను. మీరు లేరు. గంటన్నర నిలబడ్డాను. గ్లెనిస్ ఫారాలన్నీ అట్టపెట్టెల్లోకి సర్దుతూ, నన్ను పట్టించుకోలేదు. వడ్డీ రేట్ల బోర్డు కూడా ఊడబెరికేశారు, చదువుకోవడానికి కూడా ఏమీ లేదు. ఆ ఖాళీ గోడని చూస్తూ నిలబడ్డాను.

తొమ్మిదేళ్ళలో మీరు ఒక్క గురువారం మానలేదు. బ్రాంచి మూస్తారని తెలిసిన మరు వారం నుంచే మానేశారు. ఈ ముసలిదాని పక్కన నిలబడే బాధ వదిలిందని సంబరపడుతున్నారని అర్థమైంది.

మంచిది. నేనే దారి చూశాను. గ్లెనిస్ మనిద్దరికీ ఆన్‌లైన్ ఖాతా తెరిచిపెడుతుంది. హాల్లో కంప్యూటరు ఉండనే ఉంది. మీరు సోమవారం వచ్చి మీట నొక్కండి, నేను మంగళవారం వచ్చి నొక్కుతాను. రెండు నొక్కులు పడితే డబ్బు వెళ్ళిపోతుందట. ఇక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకోనక్కర్లేదు. మీకు కావలసిందీ అదేగా.

వెర్నా పోల్


కుల్డరీ,
మే 17

వదిన గారికి,

మీ రెండో ఉత్తరం, నా మొదటి ఉత్తరం ఒకే రోజు బయల్దేరాయి. ఎడిలైడ్‌లో రెండూ ఒకే సంచిలో పక్కపక్కన పడుకుని ఉంటాయి. అవైనా మాట్లాడుకున్నాయేమో.

ఆ గురువారం నాకు కంటి ఆపరేషన్. శుక్లం తీశారు. మీకు చెప్పమని గ్లెనిస్‌కి మూడుసార్లు చెప్పాను. ఆ అట్టపెట్టెల గొడవలో దానికి దాని పేరే గుర్తులేదు, నా కన్నేం గుర్తుంటుంది. నిన్నగాక మొన్న గురువారం మాత్రం వెళ్ళాను. ఒక కంటికి కట్టు, పెదాలకి రంగు, పదకొండు కాకముందే కౌంటరు దగ్గరున్నాను. మీరు రాలేదు. గ్లెనిస్ అలవాటుకొద్దీ కలం పక్కకి జరిపింది. అక్కడ ఎవరూ లేరు. ఇద్దరం ఆ కలాన్నే చూస్తూ ఉండిపోయాం.

సరే, ఆన్‌లైన్ ఖాతా తెరిచింది. కంప్యూటరు మూడు ప్రశ్నలడిగింది. మొదటి కుక్క పేరు, పెళ్ళయిన ఊరు, ఇంకోటేదో. గ్లెనిస్ తొందరపెడుతుంటే తోచింది చెప్పాను. తర్వాత హాలుకి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాను. పాస్‌వర్డ్ కొట్టాక, "మీ ఫోనుకి ఆరంకెల కోడ్ పంపాం, అయిదు నిమిషాల్లో ఇక్కడ కొట్టండి" అంది. ఫోను చూస్తే ఏదీ రాలేదు. మన ఊళ్ళో సిగ్నల్ ఎక్కడుంది, శ్మశానం కొండ మీద తప్ప?

కారెక్కి కొండకి పరిగెత్తాను. పైకెళ్ళగానే ఫోన్ టింగుమంది. అంకెలు చేతి మీద రాసుకుని వెనక్కి బయల్దేరితే, ముందు ఒక విత్తనాల లారీ, నత్తలా. హాలుకి వచ్చేసరికి ఎనిమిది నిమిషాలు. కోడ్ చచ్చిపోయింది. మూడుసార్లు తిరిగాను. మూడోసారికి, మీరు దొంగలేమోనని అనుమానంగా ఉంది, రేపు రండి అంది. నలభయ్యేడేళ్ళుగా ఆ బ్యాంకులో ఖాతా ఉన్నదాన్ని.

మొహాలు చూసుకోనక్కర్లేదు, మీకు కావలసిందీ అదేగా అని రాశారు. అది నాకు కావలసింది కాదు. నోటితో అడిగే ధైర్యం లేదు కాబట్టి రాసి పెడుతున్నాను.

డల్సీ


కుల్డరీ,
జూన్ 7

డల్సీ గారికి,

కంటి సంగతి నాకు తెలీదు. తెలిసుంటే అలా రాసేదాన్ని కాదు. ఇంకోలా రాసేదాన్ని. కన్ను బాగుందని నిన్న దూరం నుంచే చూశాను.

బ్యాంకు ఆఖరి రోజు మీరూ ఉన్నారుగా, కొత్తగా చెప్పేదేముంది. ఆ బ్యాంకులో పైసా వేయనివాళ్ళు కూడా వచ్చి లామింగ్టన్ కేకులు తినిపోయారు. నగరం నుంచి వచ్చిన మేనేజరు కుర్రాడు మనల్నందర్నీ మెట్ల మీద నిలబెట్టి ఫొటో తీశాడు. మీరు ఈ చివర, నేను ఆ చివర. అందరూ వెళ్ళాక గ్లెనిస్ కత్తెర తెచ్చి, కౌంటరు కలానికున్న గొలుసు కత్తిరించి కలం నా చేతిలో పెట్టింది. "ఇది మీ ఇద్దరిదీ," అంది. ఎవరి దగ్గరుండాలో చెప్పలేదు. ప్రస్తుతానికి నా దగ్గరుంది.

బీమా బిల్లు వచ్చింది. చెక్కు తీసుకోరట. మీరన్నట్టు నది పక్క ఊరికి వెళ్దామా అని అక్కడి బ్రాంచికి ఫోన్ చేశాను. రెండు సంతకాల ఖాతాలన్నీ ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే చేసుకోవాలట, కౌంటరులో కుదరదట. సహాయం నంబరుకి చేస్తే యాభై నిమిషాలు వాయిద్యం వినిపించి, చివర్లో ఒక అమ్మాయి సిగ్నల్ కోసం కిటికీ దగ్గర నిలబడి చూడండి అంది. మా ఊరి సిగ్నల్‌కి కిటికీ చాలదమ్మా, కొండెక్కాలి అన్నాను. నవ్వింది. నవ్వొచ్చే విషయమేమో నాకు తెలీదు.

నేనూ కొండెక్కి చూశాను. ఈ తుంటితో పది అడుగులకోసారి ఆగుతూ. కోడ్ వచ్చింది, దిగేలోపు చచ్చింది. అక్కడ కూర్చున్నప్పుడు మా తమ్ముడి సమాధి చూశాను. జామ్ సీసాలో జిరేనియం పువ్వులు. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఎవరో వారం వారం మారుస్తున్నారు. నేను ఏడాదికోసారి వెళ్ళేదాన్ని. దాని గురించి ఇంకేమీ రాయను.

ఆలోచిస్తే ఒక్కటే దారి తోచింది. ఒకళ్ళు కంప్యూటరు దగ్గర, ఒకళ్ళు కొండ మీద. రెండు ఫోన్లూ కొండ మీద ఉండాలి. వచ్చిన అంకెలు, పొలాల్లో అందరూ మాట్లాడుకునే కారు రేడియోలో చెబితే, కింద ఉన్నవాళ్ళు హాలు రేడియోలో విని కొడతారు. మీకు కొత్త కన్ను ఉంది, నాకు పాత తుంటి ఉంది. కాబట్టి కొండ మీ వంతు. మీ పాస్‌వర్డ్ నాకివ్వాల్సి ఉంటుంది. ఇష్టమైతేనే.

నియమం: అంకెలు తప్ప ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. విత్తనాల రోజులు, ట్రాక్టర్లలో ప్రతివాడి చెవీ ఆ రేడియోకే అతుక్కుని ఉంటుంది. 20వ తారీకు, పది గంటలకి.

వెర్నా


కుల్డరీ,
జూన్ 13

వదినకి,

పోస్టులో వేస్తే టైముకి అందదని, నేనే నడిచొచ్చి మీ డబ్బాలో వేస్తున్నాను. మీ కుక్క నన్ను గుర్తుపట్టింది. మొరగలేదు, తోక ఊపింది. దానికి మన గొడవ ఎవరూ చెప్పినట్టు లేరు.

నేను సిద్ధం. నా పాస్‌వర్డ్ లోపల చీటీలో ఉంది, చదివి చింపెయ్యండి. మీ ఫోను 19 సాయంత్రం మా డబ్బాలో వెయ్యండి.

జామ్ సీసాలు ఇంకా అలాగే ఉన్నాయి.

డల్సీ


కుల్డరీ,
జూన్ 21

వదినకి,

నిన్నటి నుంచి మీరు ఉలుకూ పలుకూ లేరు. తలుపు కొట్టాను, తియ్యలేదు. లోపల దీపం వెలుగుతోంది. కోపం వచ్చిందని అర్థమైంది. అందుకే ఇది రాసి మీ డబ్బాలో వేస్తున్నాను, నా వైపు నుంచి ఏం జరిగిందో మీకు తెలియాలి.

కొండ మీద గాలి చంపేస్తోంది. మీ ఫోను, నా ఫోను రెండూ క్లెమ్ సమాధి రాయి మీద పెట్టి, కారు తలుపు తీసి రేడియో పట్టుకుని కూర్చున్నాను. ముందు మీ ఫోను మోగింది. ఆరంకెలు చదివాను. కాసేపు ఆగి, "అయింది" అన్నారు. అప్పుడే మీరు నియమం తప్పారు.

తర్వాత నా ఫోను. ఆరంకెలు చదివాను. అప్పుడు మీ గొంతు.

"ఇదేదో ప్రశ్న అడుగుతోంది. ఈ కంప్యూటరు బ్యాంకుకి కొత్తది కాబట్టి మీరు మీరేనని నమ్మకం కుదరాలట."

కుక్క పేరా అన్నాను. కాదన్నారు. పెళ్ళయిన ఊరా అన్నాను. అదీ కాదన్నారు. ఆ మూడోది ఏమిటో అప్పుడు నాకు గుర్తొచ్చింది. వేరే ప్రశ్న అడగమనండి అన్నాను. అడగదట, రెండు నిమిషాలే ఉందట. తప్పు కొడితే ఖాతా మూసి పది రోజుల తర్వాత తెరుస్తారట. పది రోజులంటే జూన్ ముప్ఫై. అందులో ఒక్క గంట తేడా వచ్చినా హాలు పోయినట్టే.

మీరు చదివారు. "మీకు అన్నిటికన్నా దగ్గరి స్నేహితురాలి పేరు."

కొండ మీంచి చూస్తే నాలుగు పొలాల్లో నాలుగు ట్రాక్టర్లు కనిపించాయి. నాలుగూ ఆగిపోయాయి. నేను మీట నొక్కాను.

"వెర్నా."

"ఏం, పేరు పెట్టి పిలుస్తున్నారు? వింటూనే ఉన్నాను, చెప్పండి."

"పిలవలేదు వదినా. పేరు చెప్పాను. అదే కొట్టండి."

గాలి చప్పుడు ఒక్కటే. రేడియో చచ్చిందనుకున్నాను. ఇంతలో మెర్విన్ గొంతు వచ్చింది. "వెర్నమ్మా, కొట్టెయ్యమ్మా, టైమైపోతోంది. మేమంతా విత్తనాలాపి కూర్చున్నాం."

అప్పుడు మీరు "అయింది, ఓవర్" అన్నారు. అంతే. నేను దిగొచ్చేసరికి హాలుకి తాళం. మీరు వెళ్ళిపోయారు.

ఊరందరి ముందూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను, క్షమించండి. కానీ అబద్ధం చెప్పలేదు. పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో నాకు ఈస్ట్ కేకు చెయ్యడం నేర్పింది మీరు. గోధుమ లారీ నడపడం నేర్పింది మీరు. తర్వాత ఇంకెవరి పేరూ ఆ చోటికి రాలేదు.

ఇంత అయ్యాక ఇంకోటి దాచడం దేనికి. ట్రాక్టరు అమ్మమన్నది క్లెమ్. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని అన్నాడు: "అక్కకిస్తే ఆ రోజే ఎక్కుతుంది. ఆ తుంటితో బ్రేకు తొక్కలేదు. కాలవలో పడేసి తనూ పడుతుంది. మెర్విన్‌కి అమ్మెయ్, వాడు బాగా చూసుకుంటాడు. నేనన్నానని మాత్రం చెప్పకు, పోయాక కూడా నన్ను వదలదు." మాటిచ్చాను. తొమ్మిదేళ్ళు నిలబెట్టుకున్నాను. నిన్న ఆయన రాయి మీదే ఫోన్లు పెట్టి కూర్చున్నాక, ఇక చాలనిపించింది.

కోపం తగ్గాక ఒక ముక్క రాయండి.

డల్సీ


కుల్డరీ,
జూన్ 22, ఆదివారం

డల్సీ,

ఈ ఉత్తరం ఎడిలైడ్‌కి పోదు. నీ తలుపు కిందనుంచి తోసి వెళ్తున్నాను. నువ్వు చర్చిలో ఉంటావని తెలిసే ఈ టైముకొచ్చాను, ఎదురుపడితే ఇదంతా నోటితో చెప్పలేను.

నాకు కోపం రాలేదు. ఇంగ్లీషులో పేరుకి అయిదే అక్షరాలు, అవి కొట్టడానికి నాకు మీటలు కనపడలేదు. కళ్ళు నిండిపోయాయి. మెర్విన్ అరవకపోతే ఆ హాలు నా చేతిలోనే పోయేది. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. నువ్వు తలుపు కొట్టినప్పుడూ ఏడుస్తూనే ఉన్నాను, ఆ మొహంతో నీకు కనపడలేక తియ్యలేదు. డెబ్భయ్యారేళ్ళదాన్ని, ముక్కు ఎర్రగా చేసుకుని.

హాలు బీమా కట్టినట్టు కంప్యూటర్లో రసీదు వచ్చింది. ఆగస్టులో తలుపులు బార్లా తెరుద్దాం.

క్లెమ్ అన్నది నిజం. ఎక్కేదాన్నే. ఆ సాయంత్రమే ఎక్కేదాన్ని. కాలవలో పడేదాన్ని కూడా. తొమ్మిదేళ్ళు నేను తిట్టాల్సింది వాణ్ణి, తిట్టింది నిన్ను. పొద్దున కొండెక్కి వాడి బాకీ తీర్చొచ్చాను, గట్టిగా తిట్టాను. నీ పువ్వులకి నీళ్ళు కూడా మార్చాను. మెర్విన్ ఆ ట్రాక్టరుని నూరేళ్ళ పండగకి హాలు ముందుకి తెస్తానన్నాడు. నేను నడపను, కంగారుపడకు. పక్కన కూర్చుంటాను.

ఒక్కటి మిగిలింది. శుక్రవారం నా వంతు వచ్చినప్పుడు కంప్యూటరు నన్నూ అదే ప్రశ్న అడిగింది. నేను నీకు చెప్పకుండా జవాబు కొట్టేసి "అయింది" అన్నాను. గ్లెనిస్ ఖాతా తెరిచిన రోజున నేను రాయించిన జవాబు "ఎవరూ లేరు." అదే కొట్టాను. అది నా నిజమేననుకున్నాను.

దాన్ని మార్చాలి. మార్చాలంటే మళ్ళీ ఆరంకెల కోడ్ కావాలట. కాబట్టి గురువారం పదకొండింటికి నువ్వు కొండ మీద ఉండాలి. నా ఫోను నీ దగ్గరే ఉంచుకో. కొత్త జవాబు ఏం కొడుతున్నానో నేను రేడియోలోనే చెబుతాను, ట్రాక్టర్లు ఆపుకుని అందరూ విననీ.

దిగొచ్చేటప్పుడు జామ్ సీసాలు తీసుకురా. రెండూ.

నీ వదిన,
వెర్నా